కోర్డోబాలో మరిచిన సంచి

బీరువా తాళంచెవిని మొలతాడుకు కట్టుకునే అలవాటు నాకు లేదుగానీ, ఉంటే కట్టుకునేవాణ్ణే. బహ్రెయిన్‌లోని హిద్‌లో ఓడల మరమ్మతు పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా కాగితాల పని చూస్తున్నాను. వీసాలు, మెడికల్ రిపోర్టులు, ఇక్కడ అందరి జేబులోనూ ఉండే సీపీఆర్ గుర్తింపు కార్డులు, అన్నీ నా చేతుల మీదుగానే నడుస్తాయి. వాటన్నిటికంటే పెద్ద బాధ్యత నా కుర్చీ వెనకాల ఉన్న బూడిదరంగు ఇనప బీరువా. క్యాంపులో ఉండే కార్మికుల పాస్‌పోర్టులన్నీ అందులోనే ఉండేవి. "భద్రత కోసం కంపెనీకి అప్పగిస్తున్నాను" అని వాళ్ళ చేత సంతకం పెట్టించుకుని తీసుకునేవాళ్ళం. అలా ఉంచుకోకూడదని చట్టం ఉన్న సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ సంతకం దగ్గర మరీ జాగ్రత్తగా ఉండేవాణ్ణి.

ఇన్నేళ్ళలో ఒక్క పాస్‌పోర్టు పోలేదు. ఒక్కదాని మూల కూడా నలగలేదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పప్పన్నం దగ్గర మొదలుపెట్టి పెరుగన్నం దాకా ఈ మాటే చెప్పేవాణ్ణని మా ఆవిడ అంటుంది. ఆవిడ ఈసా టౌన్‌లో ఒక స్కూల్లో సోషల్ టీచరు. నోరు తెరిస్తే పాఠం, మూస్తే చురక.

స్పెయిన్ వెళ్ళాలన్న కోరికా ఆవిడదే. మూర్లనే ముస్లిం రాజులు వందల ఏళ్ళు ఏలిన ఊళ్ళని పిల్లలకి బోర్డు మీద గీసి గీసి చూపించిందట, ఒక్కసారైనా కళ్ళతో చూడాలట. మనామాలో ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీ ఈద్ సెలవులకి గ్రూప్ టూర్ వేసింది. సెవిల్, కోర్డోబా, గ్రనడా చూపించి మలగాలో విమానం ఎక్కిస్తారు. మేమిద్దరం, సల్మానియాలో ఆసుపత్రి డ్యూటీ చేసే ఇద్దరు మలయాళీ నర్సులు, ఒక గుజరాతీ కుటుంబం, మాలాంటి ఆఫీసు జనం మరికొందరు కలిసి మొత్తం పదకొండు మందిమి.

మమ్మల్ని తీసుకెళ్ళే టూర్ మేనేజరు జగిత్యాల వైపు ముస్లిం. నలభై దాటి ఉంటాయి, చిన్న గడ్డం, కళ్ళజోడు. అందరూ భాయ్ అనే పిలిచారు. ఎయిర్‌పోర్టులో నన్ను చూసి, "నమస్తే సార్, మంచిగున్నరా?" అన్నాడు. మర్యాదస్తుడనుకుని తలూపాను.

విమానం ఎక్కే ముందు అందరినీ ఒకచోట నిలబెట్టి రెండు మాటలు చెప్పాడు. "ఎవరి పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరనే పెట్టుకోండ్రి. ఇంకోటి, ఇది నేను ఒక్కణ్ణే తీస్కపోతున్న మొదటి టూర్. అందరిని మంచిగ తిప్పి టైముకు తీస్కొస్తే మా సేఠ్ పర్మనెంట్ జేస్త అన్నడు. లేకుంటే మల్ల స్టీరింగ్ పట్టుకునుడే." నవ్వుతూనే చెప్పాడుగానీ ఆ నవ్వు వెనక భయం ఉంది. నర్సమ్మలు వెంటనే, "మేం పేచీ పెట్టం భాయ్," అన్నారు. పేచీ పెట్టబోయేది ఎవరో అప్పటికి ఎవరికీ తెలీదు.

సెవిల్‌లో దిగాక హోటల్ దగ్గర గుజరాతీ ఆవిడ పది నిమిషాలు హ్యాండ్‌బ్యాగ్ కుమ్మరించి పాస్‌పోర్టు కోసం వెతికింది. చివరికి అది పకోడీల పొట్లం కింద దొరికింది. నా ఒళ్ళు మండిపోయింది. పాస్‌పోర్టుని నూనె పొట్లం కింద పెట్టే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. నా దగ్గర జిప్పున్న నీలం గుడ్డసంచి ఉంది, ఆఫీసులో వాడేదే. దాన్ని తెరిచి, "ఇలా ఇచ్చేయండి, అందరివీ నేను దాస్తాను," అన్నాను.

ఒక్కరూ ఎందుకని అడగలేదు. చక్కగా వరసలో నిలబడి ఇచ్చేశారు. గల్ఫులో బతికే జనానికి పాస్‌పోర్టు అడిగితే ఇచ్చేయడం అలవాటు. జేబులో సీపీఆర్ కార్డు ఉంటే చాలు, మనిషి పూర్తిగా ఉన్నట్టే. భాయ్ మాత్రం పక్కకొచ్చి మెల్లగా, "సార్, ఎవరిది వాళ్ళ దగ్గరుంటేనే మంచిది," అన్నాడు.

"నాకు నేర్పకు బాబూ. ఇరవై రెండేళ్ళ అనుభవం," అన్నాను.

నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "సరే సార్," అని సామాన్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ నాలుగు రోజులూ నేను రాజాలా తిరిగాను. సెవిల్‌లో పాత రాజభవనం గోడల నిండా పలకల మీద రంగురంగుల ముగ్గులు. కోర్డోబా మసీదులో ఎర్ర పట్టీలూ తెల్ల పట్టీలూ వేసిన కమానులు ఒకదాని వెనక ఒకటి కనుచూపు మేర ఉన్నాయి. నడుమ కట్టిన చర్చి కూడా ఆ కమానుల మధ్య ఇంటికొచ్చిన చుట్టంలా ఒదిగి కూర్చుంది. మా ఆవిడ ఒక స్తంభాన్ని ముట్టుకుని కాసేపు మాట్లాడలేదు. నేను చూసిన వింతల్లో ఆవిడ మాట్లాడకపోవడమే మొదటిది. టూర్ పొడుగునా మాతో తిరిగిన స్పెయిన్ గైడమ్మ నూనెకి, పంచదారకి స్పానిష్ మాటలు చెబుతుంటే మాకు నవ్వొచ్చింది. అవి అరబ్బీ నుంచి వచ్చినవే, మా వీధిలో కోల్డ్‌స్టోర్ అనే కిరాణా కొట్లో రోజూ వినేవే. బయట పెరట్లో నారింజ చెట్ల మధ్య సన్నటి నీటి కాలవలు. నేను మాత్రం పది నిమిషాలకోసారి సంచి తడుముకుంటూ ఉన్నాను.

కోర్డోబా హోటల్ గదిలో అల్మరా లోపల చిన్న ఇనప్పెట్టె ఉంది. అంకెలు నొక్కితే మూసుకుంటుంది. దాన్ని చూడగానే పుట్టింటివాళ్ళు కనిపించినంత సంబరమైంది నాకు. సంచి లోపల పెట్టి, అంకెలు నొక్కి, తలుపు లాగి చూసుకుని, హాయిగా నిద్రపోయాను. మర్నాడు గ్రనడాకి బయల్దేరాం. అక్కడి హోటల్‌కి భాయ్ మా పేర్లూ కాపీలూ ముందే పంపి ఉంచాడు, అంచేత పాస్‌పోర్టులతో పని పడలేదు.

చివరి రోజు పొద్దున తొమ్మిదింటికి అల్హంబ్రా గేటు దగ్గర నిలబడ్డాం. కొండ మీద ఎర్ర కోట. లోపల మూర్ల రాజులు కట్టుకున్న మహళ్ళు. టూర్ మొత్తానికి అదే ముఖ్యమైన చోటు. టికెట్ మీద పేరుంటుంది, పేరుకి తగ్గ పాస్‌పోర్టు చూపించాలి. "సార్, సంచి," అన్నాడు భాయ్.

భుజానికి చెయ్యి పెట్టాను. కెమెరా సంచి తగిలింది. రెండో భుజం చూశాను. సంచి కోర్డోబాలో, ఇనప్పెట్టెలో ఉంది. దాన్ని తీయాలని నాకు తట్టనే లేదు. తట్టకపోవడానికి కారణం కూడా అక్కడ నిలబడే తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా నేను పాస్‌పోర్టులు లోపల పెట్టి, తాళం వేసి, ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి. తాళం వేస్తే నా పని అయిపోయినట్టే. వాటిని మళ్ళీ బయటికి తియ్యడం ఎవరో వచ్చి అడిగితే చేసే పని.

విమానం సాయంత్రం ఆరింటికి మలగాలో. కోర్డోబా వెళ్ళడానికి రెండు గంటలకి పైనే, అక్కణ్ణుంచి మలగాకి మరో రెండు. పదకొండు మంది విమానం తప్పిందంటే భాయ్ ఉద్యోగం అక్కడితో సరి. నర్సమ్మల మొహాల్లోకి చూడలేక మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది.

భాయ్ అరవలేదు. మొహం మాత్రం పాలిపోయింది. హోటల్‌కి ఫోన్ చేస్తే, ఆ గదిలో వేరేవాళ్ళున్నారు, చూసి చెబుతామన్నారు. గైడమ్మ గేటువాళ్ళతో మాట్లాడి, ఫోన్లో ఉన్న కాపీలు చూపించి గ్రూపుని లోపలికి పంపే ఏర్పాటు చేసింది. చూడటం అయ్యాక వాళ్ళని బస్సులో నేరుగా మలగా తీసుకెళ్ళే బాధ్యత కూడా తనే తీసుకుంది. భాయ్ టాక్సీ పిలిచి, "ఎక్కండి సార్. బుకింగ్ నా పేరు మీదుంది, మీరొక్కరే పోతే ఇయ్యరు," అన్నాడు.

దారి పొడుగునా ఆలివ్ తోటలే. కొండ తర్వాత కొండ, దువ్వెనతో దువ్వినట్టు వరసలు. హోటల్ నుంచి ఫోన్ రాలేదు. గంట సేపు ఓర్చుకుని ఇక ఉండబట్టలేక, "నీ ఉద్యోగానికి ముప్పు తెచ్చానయ్యా," అన్నాను.

"అయితది సార్, చూద్దాం," అన్నాడు. మళ్ళీ తనే, "ఇంతకన్న ఎక్కువసేపు ఎదురుచూసిన సార్ ఒకసారి. మీ బీరువా ముంగటనే," అన్నాడు.

నేను తిరిగి చూశాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. కళ్ళజోడు లేని ఆ మొహం నాకు తెలుసు. మా కంపెనీలో క్యాంపు బస్సు నడిపిన డ్రైవరు. అప్పుడు గడ్డం లేదు, నీలం యూనిఫాం.

"పద్నాలుగేళ్ళాయె. శుక్రవారం పొద్దుగాల ఫోనొచ్చింది, అమ్మ పోయిందని. మధ్యాహ్నం ఫ్లైట్‌లో సీటుండె. ఫోర్మన్ టికెట్ సుత చేయించిండు. పాస్‌పోర్ట్ బీరువాల ఉంది, తాళం మీ దగ్గర. మీ ఫోన్ బంద్ ఉండె. ఆఫీసు మెట్ల మీద కూసున్న. చీకటి పడేదాంక కూసున్న. మాలో ఎక్కువసేపు ఉంచరు కద సార్. రాత్రికల్ల మట్టి చేసేసిన్రు."

ఆ శుక్రవారం నాకు గుర్తుంది. జల్లాక్ బీచికి పిక్నిక్ వెళ్ళాం. పిల్లల ఆటల్లో ఆఫీసు గోల ఎందుకని ఫోన్ ఆపేశాను. తాళంచెవి మాత్రం ప్యాంటు జేబులోనే ఉంది, ఇసకలో పడిపోతుందేమోనని దాన్ని మూడుసార్లు తడిమి చూసుకున్నాను. మర్నాడు పొద్దున బీరువా తీసి అతని పాస్‌పోర్టు ఇచ్చి, "అయ్యో, ఎవరిచేతైనా కబురు చేయాల్సింది కదయ్యా," అన్నాను. రిజిస్టర్‌లో సంతకం కూడా పెట్టించుకున్నాను. అతను తర్వాత ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఒక్క పాస్‌పోర్టూ పోలేదని భోజనాల దగ్గర చెప్పుకుంటూ తిరిగాను.

"ఎయిర్‌పోర్టులోనే చెప్పొచ్చు కదా," అన్నాను.

"ఏం చెప్పాలె సార్. మీరు చెడ్డోళ్ళని నేనెప్పుడూ అనుకోలే. తాళం మీ దగ్గరుండె. గంతే."

తిట్టినా ఆ మాటంత తగిలేది కాదు. కోర్డోబా వంతెన కనిపించేసరికి పన్నెండయింది.

హోటల్ కౌంటర్ మీద నా నీలం సంచి ఉంది. దాన్ని చూడగానే పోయిన ప్రాణం లేచొచ్చింది. మా గదిలో దిగినవాళ్ళు బయటికెళ్ళాక, పెట్టె మూసి ఉండటం చూసి హోటల్‌వాళ్ళే ఇందాకే తెరిచి తీశారట. కౌంటర్లో పాతికేళ్ళమ్మాయి. సంచి తెరిచి, నా పాస్‌పోర్టు తీసి, ఫొటో చూసి, నా మొహం చూసి, నా చేతికిచ్చింది. మిగతా పదీ మళ్ళీ సంచిలో పెట్టి జిప్పు వేసేసింది.

"అవి కూడా ఇవ్వమ్మా," అన్నాను ఇంగ్లీషులో.

"ఇవి మీవి కావు కదా. వీటి మనుషులేరి?" అంది.

"అక్కడ దాచిందే నేను."

"మీరు దాచారు సార్, కానీ ఇవి వాళ్ళవి. వాళ్ళని అడక్కుండా మీకెలా ఇస్తాను?"

నా కోపం నషాళానికెక్కాల్సిన మాట అది. నాకే ఒకరు పాస్‌పోర్టుల సంగతి చెప్పడమా. కానీ కోపం రాలేదు. ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది. ఇరవై రెండేళ్ళలో ఇవి ఎవరివన్న ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు.

భాయ్ తన పాస్‌పోర్టూ బుకింగ్ కాగితమూ ఆమె ముందు పెట్టి, గైడమ్మకి వీడియో కాల్ చేశాడు. మా గ్రూపు అప్పుడే తోటలోంచి బయటికొస్తోంది. ఆ అమ్మాయి ఒక్కో పాస్‌పోర్టూ తెరిచి, ఫోన్లో మొహంతో పోల్చి చూసి, మీది వీళ్ళకి ఇమ్మంటారా అని అడగడం మొదలుపెట్టింది. గడియారం ఒంటిగంట వైపు పోతోంది. ముందు మా ఆవిడ వంతు వచ్చింది.

"ఇవ్వండి. కానీ ఆ నిలబడ్డాయనకి కాదు, పక్కనున్న ఆయనకి," అంది.

కౌంటర్ అమ్మాయికి నవ్వాగలేదు. తర్వాత నర్సమ్మలు కూడా, "భాయ్‌కి ఇవ్వండి," అన్నారు. గుజరాతీ ఆవిడా అదే. పది మందీ భాయ్ పేరే చెప్పారు. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. కష్టంగానే ఉంది, అయినా మనసు మాత్రం తేలికపడుతోంది.

టాక్సీ ఎక్కాక భాయ్ సంచి నా ఒళ్ళో పెట్టబోయాడు. "ఇగ మీరే పట్టుకోండి సార్."

"వద్దు బాబూ. నీ దగ్గరే ఉంచు," అన్నాను. ఆలివ్ తోటలు మళ్ళీ మొదలయ్యాక అసలు మాట చెప్పాను. "మీ అమ్మగారి విషయంలో తప్పు నాదే. కబురు చేయలేదని నీ మీద పెట్టాను."

అతను కిటికీలోంచి ఆలివ్ తోటలు చూస్తూ, "ఈ మాట ఆ శనివారం అంటరేమో అనుకున్న సార్," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడన్నరు కద. పోనియ్యండి," అన్నాడు. జేబులోంచి రెండు బిస్కెట్ ప్యాకెట్లు తీసి ఒకటి నాకిచ్చాడు. పొద్దున్నుంచీ ఇద్దరం ఏమీ తినలేదు.

మలగా ఎయిర్‌పోర్టు చేరేసరికి మూడు. మా వాళ్ళు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. భాయ్ సంచి తెరిచి, పేరు పిలిచి, ఎవరిది వాళ్ళ చేతికిచ్చాడు. గుజరాతీ ఆవిడ తనదాన్ని కళ్ళకద్దుకుంది. మా ఆవిడ తనది హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు లాగి, నా వైపు చూసి మరోసారి లాగింది. టైముకే విమానం ఎక్కాం. అల్హంబ్రా నేను చూడలేదు. సింహాల కొలను ఎలా ఉందో, గోడల మీద చెక్కిన రాత లేసు గుడ్డలా ఎంత సన్నంగా ఉందో మా ఆవిడ విమానం మారే ఇస్తాంబుల్ దాకా చెప్పింది. అన్నిటికీ ఊ కొట్టాను. ఇంటికి పోతున్నాం, భాయ్ ఉద్యోగం పోలేదు, అంతకు మించి నాకేం అక్కర్లేదనిపించింది.

దిగిన మర్నాడే ఏజెన్సీ సేఠ్‌కి ఉత్తరం రాశాను. తప్పంతా నాదేనని, ఈ మనిషి లేకపోతే పదకొండు మందిమి ఇంకా స్పెయిన్‌లోనే ఉండేవాళ్ళమని రాశాను. వారం తిరక్కుండా భాయ్ ఫోన్ చేశాడు. "పర్మనెంట్ అయింది సార్," అన్నాడు. ఆ సాయంత్రం మా ఆవిడ పాయసం చేసింది. టూర్ నుంచి వచ్చాక నాకు కడుపునిండా తిన్నట్టు అనిపించింది ఆ పూటే.

తర్వాత మా పెద్ద సారు దగ్గరికెళ్ళాను. బీరువాలో ఇంకా ముప్పై చిల్లర పాస్‌పోర్టులున్నాయని, వాటిని మనం ఉంచుకోవడం చట్టానికి విరుద్ధమని, నాకిక ఈ బాధ్యత వద్దని చెప్పాను. ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా, "ఖలాస్, ఇచ్చెయ్," అన్నాడు. పద్నాలుగేళ్ళ క్రితం అడిగినా బహుశా ఇదే మాట అనేవాడు. నేను అడగలేదు.

శుక్రవారం పొద్దున క్యాంపుకి వెళ్ళాను. నీలం సంచిలోంచి మొదటి పాస్‌పోర్టు తీశాను. అది నిర్మల్ జిల్లా కుర్రాడిది, వెల్డరు, వచ్చి మూడేళ్ళయింది. దాన్ని చేతికివ్వగానే వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మా దగ్గర పాస్‌పోర్టు చేతికొచ్చిందంటే మనిషిని ఇంటికి పంపించేస్తున్నారని అర్థం. ఆ ముక్క నాకు ఎందుకు తట్టలేదో.

"ఏం తప్పు చేసిన సార్?" అన్నాడు.

"ఏం చెయ్యలేదు. పని పనే, జీతం జీతమే. ఇది నీ దగ్గరే ఉంచుకో."

వాడు నమ్మలేదు. పేజీలు తిప్పి చూసుకున్నాడు. "మల్ల ఎన్నడు వాపసియ్యాలె?"

"ఇయ్యక్కర్లేదు. ఎవరడిగినా ఇయ్యకు. నేనడిగినా సరే."

మిగతావాళ్ళు మంచాల మీంచి లేచి వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ ఇస్తున్నాను, రిజిస్టర్ తీసుకురాలేదు. ఆ వెల్డరు మూలకి పోయి ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ కంగారు పడ్డట్టుంది, వాడు గట్టిగా చెబుతున్నాడు.

"లే అమ్మా, పంపిస్తలేరు. నౌకరి ఉంది. ఊకనే ఇచ్చిండ్రు." కాసేపు అవతలి మాట విన్నాడు. "ఎందుకంటే ఏం చెప్పాలె. నాదే కద."